పన్నెండో పేరు

మా కాలేజీ లైబ్రరీ మెట్ల పక్కన బాస్కెట్‌బాల్ టీమ్ ఫొటో ఒకటి తగిలించి ఉంటుంది. మీరు చూసే ఉంటారు. వెనక వరసలో ఎడమ చివర, భుజాలు జారిపోతున్న 14 నంబరు జెర్సీ వేసుకుని నిలబడ్డది నేనే. రన్నరప్ కప్పు మీద ఉన్న చేతుల్లో నా చెయ్యి లేదు. దానికి నాకేం బాధ లేదు. కానీ ఆ జెర్సీ నాది కాదు. అది ఎవరిదో, నా ఒంటి మీదికి ఎలా వచ్చిందో చెప్పాల్సిన బాకీ ఒకటి ఉంది. ఏడాదిగా వాయిదా వేస్తూ వస్తున్నాను. క్లబ్ వాళ్లు "ఏదైనా ఒకటి రాయన్నా" అని అడిగారు కాబట్టి ఇక్కడే తీర్చేస్తున్నాను.

మాది గురజాల అవతల ఒక పల్లె. మా ఊళ్లో ఆటలంటే కబడ్డీ, వాలీబాల్. మిరపకోతలు అయిపోయి చేలు ఖాళీ అయ్యాక క్రికెట్టు. బాస్కెట్‌బాల్ రింగుని నేను దగ్గర్నుంచి చూసింది నరసరావుపేటలో ఇంజినీరింగ్‌లో చేరాకే. ఫలానా ఆట నేర్చుకుంటున్నానని ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ వివరంగా అడిగింది. పైన బుట్టలాంటిది కట్టి ఉంటుంది, అందులో బంతి వెయ్యాలి, వేస్తే కిందనుంచి పడిపోతుంది అని చెప్పాను.

"అడుగు లేనిది బుట్టెట్టా అయిద్దిరా?" అంది.

అమ్మ అడిగినదాంట్లో తప్పేం లేదని తర్వాత చదివితే తెలిసింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో పిల్లలు లోపలే ఆడుకోవడానికని ఈ ఆట కనిపెట్టాడు. అప్పుడు గోడలకు కొట్టింది నిజం బుట్టలే, పీచ్ పళ్లు పోసుకునేవి. వాటికి అడుగు ఉండేది. బంతి పడ్డప్పుడల్లా ఒకడు నిచ్చెనెక్కి తీసేవాడు. అందులోనే ఇంకో సంగతి నాకు ఎక్కువ నచ్చింది. ఆయన తరగతిలో 18 మంది ఉంటే, అటు తొమ్మిది మందిని, ఇటు తొమ్మిది మందిని పెట్టి ఆడించాడు. అంటే ఈ ఆట పుట్టిన రోజున బెంచీ లేదు. ఉన్నవాళ్లందరూ ఆడారు. జట్టుకి ఐదుగురన్న లెక్క ఆ తర్వాత వచ్చింది. ఐదుగురన్నాక మిగిలినవాళ్లు ఎక్కడో ఒకచోట కూర్చోవాలిగా.

నన్ను సెలక్షన్స్‌కి లాక్కెళ్లింది మా రూమ్మేట్. వాడిది మాచర్ల. స్కూల్లో ఉండగానే జిల్లా తరఫున ఆడి సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాడు. హాస్టల్లో వాడు నాకు మాచర్లోడు, వాడికి నేను గురజాలోడు. మాకు వేరే పేర్లున్నాయని ఇద్దరం మర్చిపోయాం. ముందురోజు సాయంత్రం గంటసేపు నాకు లేఅప్ నేర్పించాడు. కుడివైపు నుంచి వస్తే కుడి కాలు, ఎడమ కాలు, ఎగిరి బోర్డు మీద చతురస్రానికి తగిలించడం. చెప్పినంతసేపూ బాగానే అర్థమైంది. మర్నాడు పీడీ సర్ ముందు ఎడమ, కుడి వేసి ఎగిరాను. బంతి రింగు కింద తగిలి నా మొహం మీదికే తిరిగొచ్చింది.

"ఇంతకుముందు ఎక్కడాడావ్?" అన్నారు సర్.

"ఎక్కడా ఆడలేదు సార్."

"మరెందుకొచ్చావ్?"

"వీడు రమ్మన్నాడు సార్."

అందరూ నవ్వారు. సర్ నవ్వలేదు. నన్ను కోర్టు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తమన్నారు. పరిగెత్తాను. మిరపచేలో పురుగుమందు ట్యాంకు వీపున మోసినవాడికి పది రౌండ్లు ఒక లెక్క కాదు. ఆగాక, "రేపు పొద్దున ఆరింటికి రా. పది మంది తక్కువైతే నిలబడుదువుగాని" అన్నారు. నేను సెలెక్టయిన విధం అది.

అమెరికా కాలేజీల్లో ఇలాంటివాణ్ని వాక్-ఆన్ అంటారు. అక్కడ బాగా ఆడేవాళ్లని హైస్కూల్లో ఉండగానే వెతికి, స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకుంటారు. ఎవరూ పిలవకుండా, స్కాలర్‌షిప్ లేకుండా, తనంతట తాను వచ్చి టీమ్‌లో నిలబడేవాడు వాక్-ఆన్. మైకేల్ జోర్డాన్ పక్కన ఆడి షికాగో బుల్స్‌తో ఆరు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచిన స్కాటీ పిప్పెన్, సెంట్రల్ ఆర్కన్సాలో చదివేటప్పుడు ఇలాగే మొదలయ్యాడు. మొదట్లో టీమ్ మేనేజరు పని కూడా చేశాడు. ఇది చదివి నేను వారం రోజులు నేల మీద నడవలేదు. తర్వాత మిగతాది చదివాను. కాలేజీలో చేరేటప్పుడు ఆరడుగుల ఒక అంగుళం ఉన్న మనిషి, చదువు పూర్తయ్యేసరికి ఆరడుగుల ఎనిమిది అంగుళాలు అయ్యాడట. నేను ఇంటర్ మొదటి సంవత్సరం నుంచీ ఐదడుగుల ఏడు అంగుళాల దగ్గరే ఆగి ఉన్నాను.

మన దగ్గర స్కాలర్‌షిప్ లేదు గానీ లిస్టు ఉంది. స్కోర్‌షీట్ మీద జట్టుకి పన్నెండు పేర్లే రాస్తారు. మా కాలేజీ జెర్సీలు కూడా పాత పద్ధతిలో 4 నుంచి 15 వరకే. ఒకటి, రెండు, మూడు వేళ్లు రిఫరీ పాయింట్లు, ఫ్రీత్రోలు చూపించడానికి వాడతాడు కాబట్టి ఆ అంకెలు వదిలేశారని చెబుతారు. లెక్కేస్తే సరిగ్గా పన్నెండు జెర్సీలు. నేను పదమూడోవాణ్ని. నాకు జెర్సీ లేదు, ఆన్ డ్యూటీ లేదు. మ్యాచ్‌లు దగ్గర పడ్డప్పుడు ఆఖరి రెండు పీరియడ్లు ప్రాక్టీసు ఉంటే, పన్నెండు మందికీ అటెండెన్స్ పడేది, నాకు పోయేది. ఆ సెమిస్టర్ చివర నా అటెండెన్స్ 75 శాతం దగ్గర ఎలా వేలాడిందో మా క్లాసువాళ్లకి తెలుసు.

పదమూడోవాడు ఏం చేస్తాడు? పొద్దున ఆరింటికల్లా వెళ్లి కోర్టు మీద ఇసుక ఊడుస్తాడు. కాంక్రీటు మీద ఇసుక రేణువులుంటే కాలు జారుతుంది. బంతులకి గాలి కొడతాడు. బాటిళ్లలో నీళ్లు నింపుతాడు. ఆ తర్వాత కూర్చుని ఎదురుచూస్తాడు. ఐదుగురు ఆడే ఆట ప్రాక్టీసు చెయ్యాలంటే పది మంది కావాలి. ల్యాబ్ రికార్డు అని ఒకడు, మిడ్ ఎగ్జామ్ అని ఒకడు, జ్వరమని ఒకడు ఎగ్గొడితే తొమ్మిదయ్యేవారు. అప్పుడు పీడీ సర్ నా వంక చూసేవారు. ఆ చూపు కోసం నేను పద్నాలుగు నెలలు పొద్దున్నే లేచాను. కొన్ని రోజులు ఆ చూపు వచ్చేది. చాలా రోజులు రాలేదు.

మన ఫంక్షన్లలో మైకు పట్టుకున్న ఎవరూ పల్నాటి పౌరుషం గురించి రెండు ముక్కలు మాట్లాడకుండా దిగరు. చిన్నప్పుడు నాన్న నన్ను కారంపూడి ఉత్సవాలకు తీసుకెళ్లాడు. పల్నాటి వీరులు అరవై ఆరు మంది అంటారు. అందులో మీకు ఎన్ని పేర్లు తెలుసు? బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు... ఇంకో రెండు మూడు చెప్పి నేను ఆగిపోతాను. మిగతావాళ్లు కూడా నాగులేటి ఒడ్డుకు వచ్చినవాళ్లే. బెంచీ మీద కూర్చున్న రోజుల్లో నాకు వాళ్లు తెగ గుర్తొచ్చేవారు. పేరు తెలియనివాళ్లకి కూడా పౌరుషం ఉండే ఉంటుంది, కాకపోతే దాన్ని చూపించే పని వాళ్లకి పడి ఉండదు అనుకునేవాణ్ని.

రెండో సంవత్సరం వినాయకచవితికి ఇంటికెళ్తే నాన్న మిరపచేలో పోగుంటలు నింపుతున్నాడు. అంటే, నాటిన మొక్కల్లో చచ్చినవాటి జాగాలో కొత్త మొక్క పెట్టడం. నేనూ ఒక సాలు పట్టుకున్నాను.

"ఆ ఆటకి ఇంకా పోతన్నావా?" అన్నాడు.

"పోతన్నా నాన్నా."

"ఆడించరంటగా?"

"ఆడించరు."

"మరెందుకు పోవటం?"

నా దగ్గర జవాబు లేదు. నాన్న తడిగోనెలో చుట్టిన నారు కట్ట విప్పుతున్నాడు. మాట మార్చడానికి, ఈ నారు ఎక్కడిదని అడిగాను.

"మనదే. పోసేటప్పుడే ఒక మడి ఎచ్చుగా పోత్తాం. ఇట్టా చచ్చినకాడ పెట్టటానికి."

"ఒక్క మొక్క కూడా చావకపోతే?"

"పారేత్తాం."

"అనవసరంగా పోసినట్టేగా మరి?"

నాన్న నా మొహం చూశాడు. "ఎచ్చు నారు లేకుండా నాటేవాడు రైతేందిరా?" అన్నాడు. అంతే. నన్ను ఓదార్చడానికి అన్నాడో, చేను గురించే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నాన్న అలాంటివి విడమర్చి చెప్పే మనిషి కాదు.

ఇక అసలు విషయం.

ఆ జనవరిలో, సంక్రాంతి సెలవులయ్యాక, ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లకు పది రోజులుందనగా సాయంత్రం ప్రాక్టీసులో మాచర్లోడు రీబౌండ్ కోసం ఎగిరాడు. దిగేటప్పుడు ఇంకొకడి బూటు మీద దిగాడు. మడమ పక్కకి తిరిగింది. పడ్డ చప్పుడు కంటే వాడు అరిచిన అరుపు నాకు బాగా గుర్తుంది. సర్ "ఐసు తీసుకురా, పరిగెత్తు" అన్నారు. పరిగెత్తాను. గేటు బయట జ్యూస్ బండి దాకా ఎంత వేగంగా పరిగెత్తానో నాకు తెలుసు. కానీ ఆ పరుగులో నా బుర్ర ఏం చేస్తోందో కూడా నాకు తెలుసు. లెక్కలు వేస్తోంది. పన్నెండులో ఒకటి తీస్తే పదకొండు. పదకొండుకి ఒకటి కలపాలి. ఎవరున్నారు?

బండి దగ్గర ఐసు గడ్డ పగలగొడుతూ ఆయన అడిగాడు. "ఏంది తమ్ముడూ, నవ్వుతన్నావ్?"

నేను నవ్వుతున్నట్టు నాకు తెలియదు. నిజంగా తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు కవర్లోంచి చల్లటి నీళ్లు చేతి మీదుగా కారుతున్నాయి. నాకు చేలో నారు కట్ట గుర్తొచ్చింది. చచ్చిన మొక్క జాగాలో పెట్టడానికే కదా ఎచ్చు నారు. అప్పటిదాకా ఆ మాటలో నేను నారుని మాత్రమే చూసుకున్నాను. మొక్క చావాలన్న సంగతి ఆలోచించలేదు. అది కూడా నాకు లేఅప్ నేర్పిన మొక్క.

డాక్టరు లిగమెంట్ అన్నారు, మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. నోటీసు బోర్డు మీద పన్నెండో వరసలో వాడి పేరు మీద గీత కొట్టి, పక్కన నీలం పెన్నుతో నా పేరు రాశారు. ఆ రాత్రి రూములో వాడు మంచం మీద కాలు ఎత్తిపెట్టి పడుకుని, "అలమరలో కింది అరలో జెర్సీ ఉంది, ఉతికిందే, తీసుకో" అన్నాడు. మడత కూడా నలగలేదు. "నీకు పొడుగవుద్ది, నిక్కర్లోకి దోపుకో" అని కూడా చెప్పాడు. నేను 'సరే' అన్నాను. ఆ ఒక్క మాట తప్ప ఏం మాట్లాడలేకపోయాను.

మర్నాటి నుంచి వాడు కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. క్రితం ఏడాది సెమీస్‌లో మమ్మల్ని ఓడించిన జట్టులో ఒక ఎడమచేతివాటం కుర్రాడున్నాడు. ఆ మ్యాచ్‌లో అతనొక్కడే 19 పాయింట్లు వేశాడు. మనం అలవాటుగా కుడివైపు కాపు కాస్తాం, అతను ఎడమవైపు నుంచి దూరిపోతాడు. ఆ రోజు అతన్ని కాసింది మాచర్లోడే. అందుకని అతని ప్రతి కదలికా వీడికి కంఠస్థం. పీడీ సర్ ఒక పని చెప్పారు. "ఈ పది రోజులు నువ్వు అతనివి. మనవాళ్ల మీదికి అతనిలా రా." నేర్పే బాధ్యత కుర్చీలో ఉన్నవాడిది.

నాకు ఎడమచేత్తో అన్నం కలపడం కూడా రాదు. వాడు కుర్చీలోంచి అరిచేవాడు. "తల కుడివైపు చూడాల, బంతి ఎడమకి పోవాల. ఆ భుజం దించు ముందు. దించావా? ఇప్పుడు ఎళ్లు." రాత్రి హాస్టల్ వరండాలో ఎడమచేత్తో బంతి కొడుతుంటే పక్క రూముల వాళ్లు తిట్టేవారు. నాలుగో రోజుకి చెయ్యి తిరగడం మొదలైంది. ఎనిమిదో రోజున మా గార్డుని రెండుసార్లు దాటి వెళ్లి బుట్ట వేశాను. కుర్చీలోంచి చప్పట్లు వినిపించాయి. తొమ్మిదో రోజున గార్డు నన్ను ఒక్కసారి కూడా దాటనివ్వలేదు. సర్ నాకేసి చూసి, "చాలు, నీ పని అయింది" అన్నారు. నాకది మెచ్చుకోలని అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

మొదటి మ్యాచ్‌లో మేం చివరికొచ్చేసరికి 22 పాయింట్ల ముందున్నాం. గడియారంలో ఒక నిమిషం నలభై సెకన్లు ఉండగా సర్ "లే" అన్నారు. 14 నంబరు నిక్కర్లోకి దోపుకుని లోపలికి వెళ్లాను. ఆ నిమిషం నలభై సెకన్లలో జరిగింది ఇదీ: ఒక పాస్ పట్టుకోలేక బయటికి వదిలేశాను. ఒక ఫౌల్ చేశాను. తర్వాత బంతితో వెళ్తుంటే ఒకడు నా చెయ్యి మీద కొట్టాడు. ఆ క్వార్టర్లో వాళ్ల టీమ్ ఫౌళ్లు అప్పటికే నాలుగు దాటాయి కాబట్టి నాకు రెండు ఫ్రీత్రోలు. గీత నుంచి బోర్డు 4.6 మీటర్లు. రింగు ఎత్తు 3.05 మీటర్లు. బంతి చేతికిచ్చాక ఐదు సెకన్లలో వెయ్యాలి. మొదటిది రింగు అంచున రెండుసార్లు ఎగిరి లోపల పడింది. రెండోది రింగుకి కూడా తగల్లేదు. నా కాలేజీ బాస్కెట్‌బాల్ జీవితం మొత్తం మీద స్కోరు ఆ ఒక్క పాయింటే.

సెమీస్‌లో ఆ ఎడమచేతి కుర్రాడి జట్టే తగిలింది. నేను బెంచీ మీదనుంచి లేవలేదు. రెండో క్వార్టర్లో అతను భుజం దించి, కుడివైపు చూసి, ఎడమకి బయల్దేరాడు. మా గార్డు అప్పటికే అక్కడున్నాడు. బంతి లాక్కుని అవతలికి పరిగెత్తి లేఅప్ వేసి, తిరిగొస్తూ మా బెంచీ ముందునుంచి పోతూ అరిచాడు. "అచ్చం నీలాగే వత్తన్నాడ్రా!"

ఆ కుర్రాడు ఆ రోజు వేసింది ఆరు పాయింట్లు. మేం నాలుగు పాయింట్లతో గెలిచాం. మర్నాడు ఫైనల్లో చిత్తుగా ఓడిపోయాం, అది వేరే కథ. సెమీస్ అయిన వెంటనే బస చేసిన హాస్టల్ మెట్ల మీద కూర్చుని మాచర్లోడికి ఫోన్ చేశాను. స్కోరు అడగలేదు వాడు. "వాడు భుజం దించాడా?" అని అడిగాడు. దించాడన్నాను. ఫోన్లో చాలాసేపు నవ్వాడు. నాకు అప్పుడే చెప్పేద్దామనిపించింది, జ్యూస్ బండి దగ్గర సంగతి. చెప్పలేదు. నవ్వేవాణ్ని ఆపాలనిపించలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి ధైర్యం చాల్లేదు.

తిరిగొచ్చాక జెర్సీ ఉతికి, ఇస్త్రీ చేయించి, అదే అరలో పెట్టాను. వాడు తీసి చూసి, "ఇంతకీ రెండో ఫ్రీత్రో ఎట్టా పోయింది?" అన్నాడు. అదొక్కటే వాడికి నా మీద ఉన్న కోపం.

ఈ ఏడాది వాడి మడమ బాగైంది. లిస్టు వచ్చింది. పన్నెండు పేర్లున్నాయి, 14 నంబరు వాడిదే. నా పేరు లేదు. లిస్టు చూసినప్పుడు గుండెలో కలుక్కుమంది, లేదని అబద్ధం చెప్పను. కానీ మర్నాడు పొద్దున ఐదున్నరకి మెలకువ దానంతటదే వచ్చింది. చీపురు తీసుకుని కోర్టు ఊడవడానికి వెళ్లాను. గాలి తేటగా ఉన్న రోజు అక్కణ్నుంచి కోటప్పకొండ కనబడుతుంది. ఆ రోజు కనబడింది. ఎనిమిది మందే వచ్చారు. మాచర్లోడు తొమ్మిది. నేను పది. ఆట మొదలైంది.

ఎందుకు పోవటం అని నాన్న అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్పమంటే అదే చెబుతాను. ఆ ఐదుగురు బాగా ఆడాలంటే ఎదురుగా ఇంకో ఐదుగురు రోజూ నిలబడాలి. అందులో ఒకడు నేను. నా చోటు ఇంకొకడి దెబ్బ వల్ల ఖాళీ అయ్యేది కాదు. అది మొదటినుంచీ అక్కడే ఉంది. నేనే వేరే దానికోసం చూస్తూ దాన్ని చూడలేదు.

ఒరే మాచర్లోడా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆ రోజు ఐసు కోసం నేను పరిగెత్తిన మాట నిజం. దారిలో నవ్విన మాట కూడా నిజం. రెండూ ఒక్క మనిషే చేశాడు. మొహం మీద చెప్పాల్సింది పత్రికలో చెబుతున్నాను, దానికి కూడా తిట్టు.

ఫస్టియర్ తమ్ముళ్లకి ఒక మాట. సెలక్షన్స్‌కి బూట్లు లేవని, ఎత్తు లేదని, ఎప్పుడూ ఆడలేదని ఆగిపోకండి. లేఅప్‌లో ఏ కాలు ముందు వెయ్యాలో తెలియకపోయినా ఫర్వాలేదు. కోర్టు దగ్గర పొద్దున ఆరింటికి ఉంటాం. ఇంకో చీపురు కూడా ఉంది.